కుండీలో పొట్టి హాలీహాక్: గోదావరి డెల్టాలో విత్తు నుంచి పువ్వు దాకా

చలి మొదలయ్యేసరికి ప్రతి ఏడూ ఇదే ప్రశ్న వస్తుంది. భీమవరం వాళ్లూ అడుగుతారు, అమలాపురం వాళ్లూ అడుగుతారు. "విత్తనాలు తెప్పించి వేశామండీ, ఆకులు అరచేతిని దాటి పెరిగాయి, పూలకాడ మాత్రం లేవట్లేదు." ఇంకొందరిది వేరే బాధ. కాడ లేచింది, మొగ్గ కూడా వేసింది, ఇంతలో మార్చి ఎండకు మాడిపోయింది.

మొక్క మొండిదేం కాదు. బెండ, మందార, గోగు, పత్తి కుటుంబానికి చెందినదే కాబట్టి మన నేలకు మరీ పరాయిది కూడా కాదు. ఇబ్బంది రెండు చోట్లే వస్తోంది: ఎంచుకున్న రకం, విత్తిన తేదీ. పాతకాలపు హాలీహాక్ రకాలకు మొదటి ఏడు ఆకులు పెట్టుకుని, గట్టి చలికాలం ఒకటి గడిపి, రెండో ఏడు పూయడం అలవాటు. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుల చలి వాటికి చాలదు. అందుకే ఆకులతోనే ఆగిపోతాయి. విత్తిన ఏడాదే పూసే పొట్టి రకాన్ని సెప్టెంబరులో విత్తుకుంటే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం కుండీ లోతు, నీళ్లు.

ముందే ఒక మాట. ఇది సంక్రాంతికి పూసే మొక్క కాదు. పగటి పొద్దు పెరిగేకొద్దీ హుషారందుకుంటుంది కాబట్టి మన దగ్గర మొగ్గలు మామూలుగా జనవరి చివర్లో కనిపిస్తాయి, ఫిబ్రవరి నుంచి మార్చి దాకా పూలు ఉంటాయి. సంక్రాంతి ముగ్గుల పక్కన రంగు కావాలంటే బంతి, చామంతి పెట్టుకోండి. శివరాత్రికి ఇంటి ముందు కళ ఉండాలంటే హాలీహాక్ పెట్టండి.

కావలసినవి

ఒక్క మొక్కకు లెక్క చెబుతున్నాను. ఎన్ని మొక్కలు పెడితే అన్ని రెట్లు చేసుకోండి.

- కనీసం 12 అంగుళాల లోతు, 12 అంగుళాల వెడల్పు ఉన్న కుండీ. 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్టు అయినా, 12×12 గ్రో బ్యాగు అయినా సరే.
- పొట్టి రకం విత్తనాలు నాలుగైదు. అన్నీ మొలవవు.
- కాగితపు టీ కప్పులు లేదా పెద్ద గళ్ల ప్రోట్రే (నారు పెంచే గళ్ల ప్లాస్టిక్ ట్రే).
- ఎర్రమట్టి, గోదావరి ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, కడిగిన కొబ్బరి పొట్టు.
- వేపపిండి 50 గ్రాములు.
- మూడడుగుల వెదురు పుల్ల లేదా సరుగుడు పుల్ల, కట్టడానికి అరటి నార.
- వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు, పసుపు జిగురు అట్ట ఒకటి.
- రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడే చోటు. ఇది మాత్రం కొంటే దొరకదు, చూసి పెట్టుకోవాలి.

1. రకం ఎంచుకోవడం

ప్యాకెట్టు మీద పువ్వు బొమ్మ చూసి మురిసిపోకండి. రెండు మాటల కోసం వెతకండి: ఎత్తు ఎంత, విత్తిన ఏడాదే పూస్తుందా.

నేను చెప్పే మొదటి పేరు క్వీనీ. రెండు నుంచి రెండున్నర అడుగుల ఎత్తు, మొదట్లోంచే గుబురుగా పిలకలు వేస్తుంది, చిన్న కుండీలో ఇమిడిపోతుంది. ఇందులో ఊదా రంగు పువ్వు ఇచ్చే క్వీనీ పర్పుల్‌కు 2004లో ఆల్ అమెరికా సెలక్షన్స్ (కొత్త రకాలను పెంచి పరీక్షించే అమెరికా సంస్థ) గుర్తింపు వచ్చింది. రెండోది స్ప్రింగ్ సెలబ్రిటీస్. ఇది హైబ్రిడ్. ఎత్తు ఇంచుమించు క్వీనీ అంతే, పువ్వు ముద్దగా ఉంటుంది, చలితో పనిలేకుండా పూయడానికే తయారుచేసిన రకం. ధర ఎక్కువే, కానీ మన వాతావరణానికి నమ్మకమైన ఎంపిక ఇది. మేజొరెట్ కూడా పొట్టిదే, రెండున్నర నుంచి మూడడుగులు. పై రెండూ దొరకనప్పుడు దీన్ని తీసుకోండి. కాకపోతే దీన్ని ఆలస్యంగా విత్తితే తొలి ఏడు పువ్వు చూస్తామన్న ధీమా ఉండదు.

సమ్మర్ కార్నివాల్ తొలి ఏడాదే పూస్తుంది గానీ నాలుగైదు అడుగులు పోతుంది. పెరట్లో గోడ వారగా అయితే బాగుంటుంది, డాబా మీద కుండీకి వద్దు. చేటర్స్ డబుల్, నల్లపువ్వు నైగ్రా లాంటివి మనిషెత్తు పెరిగే రెండేళ్ల రకాలు. బొమ్మలో ఎంత అందంగా ఉన్నా డెల్టాలో వాటి మీద డబ్బు పెట్టకండి. "మిక్స్‌డ్ కలర్స్" అని మాత్రమే రాసి, రకం పేరే లేని ప్యాకెట్లను కూడా వదిలేయండి. ఆకులే వచ్చాయని బాధపడేవాళ్లలో ఎక్కువమంది కొన్నవి అవే.

విత్తనం గొడవ ఎందుకు, నారు కొంటామంటారా? కడియం, కడియపులంక, బుర్రిలంక వైపు నర్సరీల్లో చలికాలపు పూల మొక్కలు అమ్మే రోజుల్లో హాలీహాక్ ఉందేమో అడిగి చూడండి. కొనేటప్పుడు మూడు చూడాలి. కవరు అడుగున వేళ్లు చుట్టలు చుట్టుకుని బయటకు వచ్చాయా? అలాంటిది వద్దు. ఆకు తిప్పి చూస్తే తెల్లదోమ గానీ, పిండిలా తెల్లగా అంటుకున్న నల్లి గానీ ఉందా? అదీ వద్దు. నాలుగైదు ఆకులున్న లేత నారు, అప్పుడే మొగ్గ వేసిన పెద్ద మొక్క పక్కపక్కన ఉంటే లేతదే తీసుకోండి. మొగ్గ ఉన్నది ఇంటికి తెచ్చాక మార్చిన అలసటకు మొగ్గలు రాల్చేస్తుంది, మళ్లీ తేరుకునేసరికి కాలం దాటిపోతుంది.

2. విత్తే రోజు

పుబ్బ, ఉత్తర కార్తెలు సరైన సమయం. అంటే ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా. వినాయక చవితి హడావిడి అయిపోగానే విత్తుకోండి అని గుర్తుపెట్టుకుంటే సులువు.

"వానల్లో విత్తితే కుళ్లిపోదా?" అని అడుగుతారు. ఆరుబయట పెడితే కుళ్లిపోతుంది. వరండాలో, చూరు కింద, వెలుతురు బాగా పడి వాన చినుకు పడని చోట పెడితే ఏమీ కాదు. వానలన్నీ వెళ్లాక నవంబరులో విత్తుదామని ఆగితే మొక్క పూతకు వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. దసరా దాకా విత్తవచ్చు. అది దాటితే విత్తనం దాచుకుని, ఈ ఏటికి నారు కొనుక్కోండి.

3. విత్తడం

గింజ బిళ్లలా చదునుగా, అంచు పల్చగా ఉంటుంది. రాత్రి గోరువెచ్చని నీళ్లలో వేసి పొద్దున్నే తీయండి. పన్నెండు గంటలకు మించి నానబెట్టకండి. నీళ్లలో తేలిన గింజ పొల్లు అనుకుని పారేయకండి. అంచు పల్చన కాబట్టి మంచి గింజ కూడా తేలుతుంది.

టీ కప్పు అడుగున పుల్లతో మూడు బెజ్జాలు చేయండి. కడిగిన కొబ్బరి పొట్టు రెండు వంతులు, వర్మీకంపోస్టు ఒక వంతు కలిపి నింపండి. కప్పుకు ఒక గింజ, అర అంగుళానికి మించని లోతు. పైన పల్చగా ఇసుక చల్లి, నీళ్లు చిలకరించండి.

కప్పులే ఎందుకంటే ఈ మొక్కకు ముల్లంగి జాతిలా నేరుగా కిందికి దిగే తల్లివేరు ఉంటుంది. నారుమడిలో గుత్తంగా పోసి పీకి నాటితే ఆ వేరు తెగుతుంది. తెగిన మొక్క చావదు గానీ ఎదుగుదల బాగా వెనకబడుతుంది. మనకున్న చలికాలమే కొద్ది రోజులు.

వారం నుంచి పది రోజుల్లో మొలుస్తుంది. రెండు వారాలైనా ఏమీ రాకపోతే ఆ కప్పును వదిలేసి మిగిలిన గింజల్లో ఒకటి వేయండి.

జాగ్రత్త: మొలక బాగానే ఉండి, ఒక పొద్దున్నే మొదలు దగ్గర సన్నబడి పక్కకు వాలిపోయిందంటే అది నారుకుళ్లు. తడి ఎక్కువై, గాలి తగలక వస్తుంది. పడిపోయిన దాన్ని కాపాడలేం. కప్పుతో సహా తీసేసి, మిగతావాటికి నీళ్లు తగ్గించి, గాలి తగిలే చోటికి మార్చండి. ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అణిచే మేలుచేసే శిలీంధ్రం) పొడి దగ్గరుంటే విత్తే ముందే మిశ్రమంలో కలపడం మంచిది, జబ్బు వచ్చాక కాదు.

ఇంకొకటి, మొలకలను చీకటి మూల పెట్టకండి. వెలుతురు చాలకపోతే కాడ సన్నగా సాగి వాలిపోతుంది. మొలిచిన మూడోనాటి నుంచే ఉదయపు ఎండ చూపించండి.

4. కుండీ, మట్టి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. నవంబరు తుపాను వానల్లో మొక్క నిలుస్తుందా పోతుందా అన్నది ఇక్కడే తేలుతుంది.

ముందు కుండీ. వెడల్పు కంటే లోతు ముఖ్యం. ఎనిమిది అంగుళాల అందమైన పింగాణీ కుండీలో ఇది ఎదగదు. పెయింటు బకెట్టు వాడితే లోపలి పెయింటంతా గీకి, సబ్బుతో కడిగి, ఎండబెట్టండి. అడుగున వేలు పట్టేంత బెజ్జాలు ఆరు పెట్టండి. అడుగు నుంచి అంగుళం పైన పక్కల్లో కూడా రెండు పెడితే, అడుగు బెజ్జాలు మూసుకుపోయినా నీరు పోతుంది. నల్ల గ్రో బ్యాగులు ఫిబ్రవరి ఎండకు వేడెక్కుతాయి కాబట్టి వాటి చుట్టూ పాత గోనెపట్టా కడితే మేలు.

మట్టి పాళ్లు: ఎర్రమట్టి రెండు తట్టలు, ఇసుక ఒకటి, మాగిన ఎరువు ఒకటి, కొబ్బరి పొట్టు ఒకటి. కుండీకి 50 గ్రాముల వేపపిండి.

ఎర్రమట్టి ఎందుకు, మన చేలో నల్లమట్టి బంగారం కాదా అని అడుగుతారు. చేలో అది బంగారమే. కుండీలో మాత్రం వానకు ముద్దై, ఎండకు బిగిసి, పక్కలకు పగులుతుంది. నీళ్లు పోస్తే ఆ పగుళ్లలోంచి జారిపోతాయి, వేరుకు అందవు. ఎర్రమట్టి దొరకని కోనసీమ లోపలి ఊళ్లలో లంక మట్టి వాడుకోండి. ఇసుక కలిసిన ఆ ఒండ్రు దీనికి చాలా బాగుంటుంది, అప్పుడు వేరే ఇసుక సగానికి తగ్గించవచ్చు. నల్లమట్టి తప్ప మార్గం లేదంటే దాన్ని ఒక వంతుకు మించనివ్వకుండా ఇసుక, కొబ్బరి పొట్టు రెట్టింపు చేయండి.

కొన్ని హెచ్చరికలు. కొబ్బరి పొట్టు అంబాజీపేట వైపు చవగ్గా దొరుకుతుంది గానీ దానిలో ఉప్పు ఉంటుంది. బస్తాలో నుంచి తీసి నేరుగా కలపకండి. మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టండి. ఇలా మూడుసార్లు చేస్తే సరిపోతుంది. ఇసుక గోదావరిదై ఉండాలి, సముద్రపు ఒడ్డు ఇసుక వద్దు. రొయ్యల చెరువు బురద ఎంత నల్లగా, సారంగా కనిపించినా ఉప్పుదనం ఉంటుంది, దగ్గరకు రానీయకండి. మంచినీటి చేపల చెరువు బురద అయితే బాగా ఎండబెట్టి పొడిచేసి, ఎరువు వంతులో సగం దాకా కలపవచ్చు. పోయినేడు బెండ గానీ, మందార గానీ ఉన్న కుండీ మట్టి మాత్రం వాడకండి, వాటి తెగుళ్లే దీనికీ వస్తాయి.

ఇప్పుడు రెండు పరీక్షలు. తడి మిశ్రమాన్ని గుప్పిట్లో గట్టిగా పిసికి తెరవండి. ముద్ద నిలబడాలి, వేలితో తడితే విడిపోవాలి. విడిపోకపోతే ఇసుక కలపండి. నిలబడనే లేదంటే ఎరువు కలపండి. తర్వాత కుండీ నింపి, పైన రెండంగుళాలు వదిలి, రెండు లీటర్ల నీళ్లు పోయండి. రెండు మూడు నిమిషాల్లో పైన నీరు ఇంకి కింద కారాలి. ఐదు నిమిషాలైనా నీరు నిలబడి ఉంటే మొక్క పెట్టకండి. కుండీ దించి మళ్లీ కలపండి. విసుగ్గా ఉంటుంది, నిజమే. మొక్క పెట్టాక ఈ పని చేయలేం కాబట్టి ఇప్పుడే చేయండి.

5. నాటడం

మూడు నాలుగు అసలు ఆకులు రాగానే, కప్పు బెజ్జాల్లోంచి వేరు తొంగిచూసేలోపే నాటాలి. సెప్టెంబరు మొదట్లో విత్తితే ఇది అక్టోబరు మొదట్లో వస్తుంది.

సాయంత్రం నాటండి. కప్పును తడిపి, పక్కన చించి, మట్టిముద్ద విరగకుండా గుంటలో దించండి. ఆకులు పుట్టే మొదలు మట్టికి సరిగ్గా సమానంగా ఉండాలి. వంగ, టమాటా నారులా లోతుగా పూడ్చకూడదు, మొదలు మట్టిలో కూరుకుంటే కుళ్లుతుంది. 12 అంగుళాల కుండీకి ఒకే మొక్క. పెరట్లో అయితే మొక్కకూ మొక్కకూ అడుగున్నర. పెరడు పల్లంగా ఉంటే మట్టిని అర అడుగు బోదెలా ఎత్తుచేసి దాని మీద నాటండి.

నాటాక రెండు రోజులు నీడ. ఆ తర్వాత ఎండ.

6. చోటు

డాబా మీద పెట్టేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఆగస్టులో ఎండ ఎక్కడ పడుతోందో చూసుకుని కుండీ పెడతారు. డిసెంబరుకి సూర్యుడు బాగా దక్షిణానికి వాలిపోతాడు. మన ప్రాంతంలో అప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా మూడడుగుల పిట్టగోడ నీడ ఉత్తరం వైపు రెండున్నర అడుగులు పడుతుంది. దక్షిణపు పిట్టగోడకు ఆనించి పెట్టిన కుండీ చలికాలమంతా నీడలో ఉండిపోతుంది. కాబట్టి ఆ గోడకు మూడడుగుల ఎడంగా గానీ, ఉత్తరపు గోడ వైపు గానీ పెట్టండి.

అపార్టుమెంటు బాల్కనీ అయితే తూర్పు లేదా దక్షిణం ముఖం ఉన్నదే పనికొస్తుంది. ఉత్తరపు బాల్కనీలో ఇది పూయదు. అక్కడ వేరే మొక్క చూసుకోండి.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే కుండీలను గోడ మూలకు చేర్చి, వాన నేరుగా పడకుండా చూడండి. అప్పటికి మొక్క నేలబారుగానే ఉంటుంది, గాలికి విరగదు. దానికి హాని నిలవ నీటితోనే. కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెడితే నీరు కారిపోతుంది.

7. నీళ్లు

వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చండి. పొడిగా ఉంటే పోయండి, చెమ్మ తగిలితే ఆగండి. గడియారం చూసి నీళ్లు పోసేవాళ్ల మొక్కలే ఎక్కువగా కుళ్లుతున్నాయి. నవంబరులో మూడు రోజులకోసారి చాలవచ్చు, మార్చిలో రోజూ కావచ్చు.

పొద్దున్నే, మొదట్లోనే పోయండి. ఆకుల మీద గొట్టంతో కొట్టకండి. ఆకు తడిసి రాత్రంతా ఆరకుండా ఉంటే తుప్పు తెగులుకు పిలిచి పీట వేసినట్టే.

సముద్రం దగ్గరి ఊళ్లవాళ్లు, నరసాపురం, రాజోలు, సఖినేటిపల్లి వైపువాళ్లు, బోరు నీళ్ల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. నీళ్లు నోటికి ఉప్పగా తగిలితే మొక్కకూ ఉప్పే. ఆకు అంచులు చుట్టూ గోధుమరంగులో ఎండడం, కుండీ అంచున తెల్లటి పొర కట్టడం దీని గుర్తులు. వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి ఉంచుకోండి. దాళ్వాకు, అంటే రబీ వరికి, పంట కాలువల్లో నీళ్లు వదిలి ఉన్నన్నాళ్లు ఆ నీళ్లు తెచ్చుకోండి, బకెట్టు అడుగున బురద దిగనిచ్చి పైవి పోయండి. పంట కాలువ, మురుగు కాలువ ఒకటి కాదు. చెరువుల నీరు కలిసే మురుగు కాలువ నీళ్లు వద్దు. బోరు నీళ్లే గతి అయితే పదిహేను రోజులకోసారి మంచినీళ్లు ఒక బకెట్టు, 20 లీటర్లు, రెండు మూడు విడతలుగా నెమ్మదిగా పోసి పేరుకున్న ఉప్పును కిందికి కడిగేయండి. ఆ మర్నాడు కొద్దిగా ఎరువు ఇవ్వండి, ఉప్పుతో పాటు సారం కూడా పోయి ఉంటుంది.

8. ఎరువు

నాటిన మూడు వారాల దాకా ఏమీ వద్దు. తర్వాత పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు మొదలుకు దూరంగా, కుండీ అంచు వెంట వేసి మట్టిలో కలపండి. రసాయన ఎరువు వాడేవాళ్లు 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరు నీటికి 2 గ్రాములు కలిపి అదే వ్యవధిలో పోయవచ్చు.

మధ్యలోంచి పూలకాడ లేస్తున్నట్టు కనిపించగానే నత్రజని తగ్గించి పొటాష్ ఇవ్వండి. 13:0:45 లీటరుకు 2 గ్రాములు, పదిహేను రోజులకోసారి. సేంద్రియంగా పెంచేవాళ్లు చెంచాడు కట్టెల బూడిద మట్టిలో కలపవచ్చు. ఉప్పు నీటి ప్రాంతాల్లో మాత్రం బూడిద వద్దు.

యూరియా వేస్తే త్వరగా పూస్తుందని ఎవరో చెబుతూనే ఉంటారు. వేయకండి. ఆకు మెత్తగా, లేతగా పెరిగి పేనుబంక పట్టేస్తుంది, పూత వెనకబడుతుంది.

9. ఊత

రెండడుగుల మొక్కకు పుల్ల అవసరమా అంటే, డాబా మీద అవసరం. ఫిబ్రవరి మధ్యాహ్నాల నుంచి పైరగాలి బలంగా వీస్తుంది, పూలతో బరువెక్కిన కాడ మొదట్లో వంగిపోతుంది. కాడ జానెడు లేవగానే పుల్ల గుచ్చండి. ఆలస్యంగా గుచ్చితే వేళ్లు తెగుతాయి. తడిపిన అరటి నారతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. ప్లాస్టిక్ తాడు లేత కాడను కోస్తుంది.

చిగురు తుంచాలా అని చాలామంది అడుగుతారు. చామంతికి తుంచుతాం, దీనికి వద్దు. నడి చిగురులోంచే ప్రధాన పూలకాడ వస్తుంది. తుంచితే పూత ఆలస్యమవుతుంది.

10. చీడలు, తెగుళ్లు

వారానికోసారి ఆకు తిప్పి చూడటమే అసలు మందు. సీసాలు ఆ తర్వాత.

తెల్లదోమ: ఆకు కదిపితే పొడి ఎగిరినట్టు లేస్తాయి. వీటితో వచ్చే అసలు నష్టం వైరస్. ఈనెలు పసుపురంగుకు మారి వల అల్లినట్టు కనిపించినా, ఆకు పైకి ముడుచుకుపోయినా ఆ మొక్కకు మందు లేదు. పీకి, కవర్లో కట్టి పారేయండి. మీ బెండ మొక్కలకు పల్లాకు తెగులు ఉంటే హాలీహాక్‌ను వాటి దగ్గర పెట్టకండి. పసుపు జిగురు అట్టను మొక్క ఎత్తులో కట్టండి. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్లతో కలిపి వారానికోసారి సాయంత్రం ఆకు అడుగున తగిలేలా కొట్టండి.

పిండినల్లి: కొద్దిగా ఉంటే సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచేయండి. చీమలు బారులు తీరి ఎక్కుతున్నాయంటే నల్లి ఎక్కడో దాగి ఉంది, వెతకండి. దొడ్లో తుత్తురబెండ, వయ్యారిభామ మొక్కలుంటే పీకేయండి, నల్లి అక్కడ పెరిగి ఇటు వస్తుంది. మందార కుండీ పక్కన కూడా దీన్ని పెట్టకండి.

తుప్పు తెగులు: ఆకు పైన పసుపు చుక్కలు, సరిగ్గా వాటి కింద నారింజ, ఇటుక రంగు బొడిపెలు. ముందుగా అడుగు ఆకులకు వస్తుంది. మంచు పడే జనవరి ఉదయాల్లో కనిపెట్టుకుని ఉండండి. చుక్క కనపడ్డ ఆకునల్లా తుంచి తీసేయండి, ఎరువు గుంటలో వేయకండి. ఎక్కువైతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఇదే బూడిద తెగులుకూ పనిచేస్తుంది. ఎండ మండే వేళ గంధకం కొడితే ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు కూడా గంధకం వాడకండి.

ఎర్రనల్లి: ఫిబ్రవరి తర్వాత ఎండలకు వస్తుంది. ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడు పోగులు. పొద్దున పూట ఆకు అడుగు భాగాన్ని నీటితో కడగండి, ఎండకు త్వరగా ఆరిపోతుంది. మందు కొట్టేటప్పుడు తప్ప ఆకు తడపొద్దన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు.

కాడల మీద, ఆకుల మీద సన్నటి నూగు ఉంటుంది. కొందరి చర్మానికి దురద పెడుతుంది, ఆకులు తుంచేటప్పుడు తొడుగులు వేసుకోండి.

సరిగ్గా సాగుతోందా, ఎలా తెలుస్తుంది?

అక్టోబరు చివరికి కుండీలో ఐదారు ఆకులు, కొత్త ఆకు పాతదాని కంటే పెద్దదిగా ఉండాలి. చిన్నదవుతుంటే వేరుకు ఏదో ఇబ్బంది ఉంది, నీరు నిలుస్తోందేమో చూడండి.

డిసెంబరు మధ్యకు ఆకులు కుండీ అంచు దాటి గుండ్రంగా పరచుకోవాలి. ఈ దశలో చాలామంది టెన్షన్ పడతారు, ఎరువు పెంచేస్తారు. కాడ లేకపోవడం అప్పటికి మామూలే. ఏమీ మార్చకండి.

జనవరి నెలాఖరుకు నడిమధ్య ఆకులు దగ్గరదగ్గరగా వచ్చి, వాటి మొదట్లో బఠాణీ గింజంత పచ్చటి మొగ్గలు కనిపించాలి. వేలితో మెల్లగా తడిమితే గట్టిగా తగులుతాయి. ఫిబ్రవరి రెండో వారానికి కూడా లేకపోతే మూడు చూసుకోండి: రకం, ఎండ గంటలు, యూరియా. రకం సరైనదై, ఎండ చాలలేదని తేలితే వెంటనే చోటు మార్చండి, ఇంకా ఆశ ఉంది. రెండేళ్ల రకం అని తేలితే దాని కోసం ఎదురుచూడకుండా కుండీని వేరే మొక్కకు ఇవ్వండి.

పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటాయి. కింది రెండు మూడు పూలు విచ్చాక పై మొగ్గలు పసుపెక్కి రాలుతుంటే నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అవుతున్నాయని అర్థం. మట్టి మీద రెండంగుళాలు ఎండిన అరటాకులు గానీ, కొబ్బరి పీచు గానీ పరచండి.

పూత అయ్యాక

వాడిన పువ్వును వెంటనే గిల్లేస్తే మొక్క కాయ కట్టే పనిలో పడకుండా పై మొగ్గలకు బలం ఇస్తుంది. ప్రధాన కాడ పూర్తిగా పూశాక దాన్ని మొదలు పైన నాలుగంగుళాలు వదిలి కోసి, 19:19:19 ఒకసారి ఇస్తే క్వీనీ లాంటి పిలకలు వేసే రకాలు పక్క కాడలతో మళ్లీ పూస్తాయి. మార్చి రెండో వారం నుంచి మధ్యాహ్నం పూట మూడు గంటల సేపు నీడ పడేలా చూడండి, లేదా పచ్చటి షేడ్ నెట్ కట్టండి. ఏప్రిల్లో కాలువలు కట్టేసి, రాత్రులు కూడా ఉక్కపోసే రోజులకు దాన్ని బతికించాలని పాకులాడకండి. వేసవి దాటించినా రెండో ఏడు మొక్క నీరసంగానే ఉంటుంది. ఏటా కొత్తగా విత్తుకోవడమే నయం.

విత్తనం కావాలంటే బాగా పూసిన ఒక్క కాడ మీద నాలుగు కాయలు వదలండి. కాయ గోధుమరంగుకు తిరిగి, పై పొర చీలుతున్నప్పుడు కోయండి. లోపల గింజలు చక్రంలా పేర్చి ఉంటాయి. స్ప్రింగ్ సెలబ్రిటీస్ హైబ్రిడ్ కాబట్టి దాని గింజ వేస్తే అదే మొక్క వస్తుందని లేదు, పొడుగువి కూడా రావచ్చు. వేరే రంగుల మొక్కలు పక్కనుంటే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి కాబట్టి రంగు కూడా మారవచ్చు. గింజలను నీడలో వారం ఆరబెట్టి, కాగితం పొట్లంలో కట్టి, గాజు సీసాలో సిలికా జెల్ పొట్లంతో పాటు పెట్టి మూత బిగించండి. మన గాలిలో చెమ్మకు బయట పెట్టిన విత్తనం వానాకాలం దాటేసరికి మొలక శక్తి కోల్పోతుంది. సీసాను ఫ్రిజ్‌లో పెట్టండి, సెప్టెంబరులో తీసి విత్తండి.

ఖాళీ అయిన కుండీ మట్టిని మే ఎండలో పట్టా మీద పల్చగా పరచి వారం ఎండనివ్వండి, పాత వేళ్లు ఏరేయండి. వానలు మొదలయ్యాక ఆ మట్టిలో తోటకూరో, పచ్చిమిర్చో వేసుకోండి. బెండ, గోగు మాత్రం ఆ ఏడు వేయకండి.